మైనస్ 20లో లారీ స్టార్ట్ కావాలంటే ముందురోజు సాయంత్రమే పని మొదలవ్వాలి

అమ్మా, మీ తమ్ముడు నరసన్నపేట నుంచి లద్దాఖ్‌లోని ద్రాస్ వైపు సొరంగం పనికి టిప్పర్ డ్రైవరుగా వెళ్లాడనీ, తెల్లవారుజామున చలి మైనస్ 20 దాటుతోందనీ, గంటసేపు సెల్ఫ్ కొట్టినా ఇంజిన్ అందుకోవడం లేదనీ రాశారు. బండికి బ్లాక్ హీటర్ లేదు, క్యాంపులో రాత్రంతా కరెంటు ఉండదు, ఏం చేయాలని అడిగారు. తోటి డ్రైవర్లు ఇంజిన్ కింద మంట పెట్టమంటున్నారని కూడా రాశారు. ఆ మాట చూశాకే మిగతా పనులు పక్కన పెట్టి ఈ జవాబుకు కూర్చున్నాను. ఈ రాత్రే ఫోను చేసి మంట పెట్టవద్దని చెప్పండి. మిగతాదంతా రేపు నెమ్మదిగా చదివి వినిపించండి.

నేను సాలూరు లారీల మీద క్లీనరుగా మొదలుపెట్టినవాణ్ణి. సాలూరు అప్పట్లో విజయనగరం జిల్లాలోనే ఉండేది. డిసెంబరులో రాయ్‌పూర్ వెళ్లే బండి ఘాట్ ఎక్కుతుంటే చేతులు కొంకర్లు పోయేవి, అంతకు మించిన చలి ఉండదనుకునేవాణ్ణి. తరువాత సైన్యంలో డ్రైవరుగా చేరి, రెండు విడతల్లో అయిదు శీతకాలాలు లద్దాఖ్‌లో గడిపాను. ఇప్పుడు విజయనగరంలో లారీల రిపేరు షెడ్డు నడుపుతున్నాను. కింద రాసినవాటిలో చాలావరకు అక్కడ చేతులారా చేసినవే.

బ్లాక్ హీటర్ అంటే మన ఇళ్లలో బకెట్టులో వేసి నీళ్లు కాచే రాడ్డు లాంటిది. ఇంజిన్ లోపలి కూలెంట్‌ను రాత్రంతా గోరువెచ్చగా ఉంచుతుంది. దానికి కరెంటు కావాలి. మా దగ్గరా ఉండేది కాదు. అది లేనప్పుడు ఆ వెచ్చదనాన్ని వేరే దారుల్లో కాపాడుకోవాలి.

డీజిల్ ఇంజిన్‌లో పెట్రోలు బండిలా నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని సుమారు పదిహేడో వంతుకు నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకే గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కి, అందులో పడిన డీజిల్ దానంతట అదే అంటుకుంటుంది. చలిలో ఇనుమంతా మంచులా ఉంటుంది కాబట్టి ఆ వేడిని గోడలే తాగేస్తాయి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే నొక్కిన గాలి పక్కనుంచి జారిపోతుంది, వేడి ఇంకా తగ్గుతుంది. పైగా అక్కడ ఎత్తు ఎక్కువ. ద్రాస్ మూడు వేల మీటర్లకు పైనే ఉంటుంది, నొక్కడానికి గాలే పలచన. అందుకే వేగంగా తిరగడం అన్నిటికంటే ముఖ్యం.

మీ తమ్ముడు చేయాల్సిన మొదటి పని వినడం, చూడటం. మా యూనిట్‌లో ఒక పెద్ద హవల్దారు ఉండేవారు. బండి స్టార్ట్ కాలేదని పరుగెత్తుకెళితే ఆయన పానా ముట్టుకునేవారు కాదు. బానెట్ మీద చెయ్యి వేసి, "ఒక్కసారి సెల్ఫ్ కొట్టు" అనేవారు. చెవి ఇంజిన్ వైపు, కళ్లు సైలెన్సర్ వైపు. పది సెకన్లలో రోగం తేల్చేసేవారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఇది.

సెల్ఫ్ మూలుగుతూ, ఇంజిన్ బరువుగా తిరిగితే లోపం బ్యాటరీలోనో ఇంజిన్ ఆయిల్‌లోనో ఉంది. ఇంజిన్ చక్కగా తిరుగుతూ, సైలెన్సర్ నుంచి పొగ అనేదే రాకపోతే డీజిల్ సిలిండర్ దాకా చేరడం లేదు. చక్కగా తిరుగుతూ తెల్లటి పొగ దట్టంగా వస్తుంటే డీజిల్ చేరుతోంది కానీ అంటుకోవడానికి వేడి చాలడం లేదు. ఈ మూడింటికీ మందులు వేరు. గంటసేపు సెల్ఫ్ కొట్టడం మాత్రం మూడింటిలో దేనికీ మందు కాదు. బ్యాటరీ అయిపోతుంది, సెల్ఫ్ మోటారు కాలిపోతుంది.

పొగ రాని రోగం సంగతి ముందు చెబుతాను. మన ఊళ్లో డిసెంబరు ఉదయం కొబ్బరినూనె సీసా తిరగేసినా చుక్క రాదు కదా. డీజిల్‌లోనూ అలా పేరుకునే మైనం ఉంటుంది. చలికి మొదట మబ్బు పట్టినట్టు మసకబారుతుంది, ఆ తరువాత మైనం పలుకులై ఫిల్టర్‌లో అట్ట కడుతుంది. మొదటి శీతకాలంలో నా బండి ఇలాగే ఆగింది. ఫిల్టర్ విప్పి చూస్తే కాగితం మడతల మధ్య తెల్లగా, గట్టిపడిన నెయ్యిలా పేరుకుని ఉంది. వేలితో గీస్తే గోటి సందులోకి ఎక్కింది. ట్యాంకులో నిండా డీజిల్ ఉంది, ఇంజిన్‌కు మాత్రం చుక్క అందడం లేదు. కింద మైదానంలో కొట్టించిన డీజిల్‌తోనే కొండెక్కేశాను, తప్పు నాదే.

మామూలు డీజిల్ ఆ చలికి పనికిరాదు. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ లద్దాఖ్ కోసం ప్రత్యేకంగా శీతకాలపు డీజిల్ విడుదల చేసింది, పానిపట్ రిఫైనరీలో తయారయ్యేది. అది మైనస్ 33 డిగ్రీల దాకా పారుతుంది. నా రోజుల్లో అది లేదు. మీ తమ్ముడి బండిలో పోస్తున్నది అదేనా, లేక కింద నుంచి బ్యారెళ్లలో తెచ్చిన మామూలు డీజిలా అన్నది ముందు కనుక్కోమనండి. సగం జవాబు అక్కడే దొరకవచ్చు. గడ్డకట్టకుండా కలిపే మందు సీసాలు కూడా దొరుకుతాయి కానీ, వాటిని డీజిల్ వెచ్చగా పారుతున్నప్పుడే కలపాలి. మైనం కట్టాక పోస్తే ఆ మైనాన్ని కరిగించలేవు.

ఇప్పటికే మైనం కట్టి ఉంటే, ఫిల్టర్ చుట్టూ గుడ్డ చుట్టి దాని మీద వేడినీళ్లు కొద్దికొద్దిగా పోయాలి. మరిగే నీళ్లు వద్దు, చెయ్యి ఓర్చుకునే వేడి చాలు. వైర్ల మీద పడకుండా చూసుకోవాలి. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మించే నాజిల్ పంపు మీద మాత్రం పోయకూడదు, చల్లటి ఇనుము ఒక్కసారిగా వేడెక్కితే పంపు పట్టేసే ప్రమాదం ఉంది. కొత్త ఫిల్టర్ ఉంటే దాన్ని రాత్రి పక్కలోనే పెట్టుకుని, ఉదయం వెచ్చగా మార్చడం ఇంకా మేలు. తరువాత హ్యాండ్ పంపు కొట్టి, డీజిల్ గొట్టాల్లోని గాలి తీసేసి అప్పుడు సెల్ఫ్ కొట్టాలి.

కిరోసిన్ కలపమని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. పాత పంపు బండ్లలో మేమూ కలిపాం, పని చేసేది. కానీ 2020 ఏప్రిల్ నుంచి కొత్త కాలుష్య నియమాలతో వస్తున్న బీఎస్-6 బండ్లలో పంపు చాలా సున్నితం. డీజిల్‌లోని జిడ్డే దానికి ఆధారం. కిరోసిన్‌లో ఆ జిడ్డు ఉండదు. పంపు, నాజిళ్లు పోతే అయ్యే ఖర్చు మీ తమ్ముడి చాలా నెలల జీతం. కలపవద్దనే నా మాట.

ఇక బ్యాటరీ. మైనస్ 18 దగ్గర బ్యాటరీ ఇచ్చే బలం దాదాపు సగానికి పడిపోతుంది. అదే సమయానికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడి రెట్టింపు బలం అడుగుతుంది. మాకు ఉన్న ఉపాయం ఒక్కటే. సాయంత్రం బ్యాటరీలు రెండూ విప్పి, గోనెపట్టాలో చుట్టి బ్యారక్‌లోకి మోసుకెళ్లేవాళ్లం. ఒక్కొక్కటి ముప్పై కిలోలకు తక్కువ ఉండేది కాదు. ఆ ఎత్తులో అంత బరువు పట్టుకుని ఇరవై అడుగులు వేస్తే గుండె గొంతులో కొట్టుకునేది. అయినా ఒక్కరోజు కూడా మానలేదు. ఉదయం ఆ వెచ్చటి బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొడితే, ఇంజిన్ తిరిగే చప్పుడులోనే తేడా తెలిసేది. విప్పేటప్పుడు ముందు మైనస్ వైరు తీయాలి, తగిలించేటప్పుడు దాన్ని చివర పెట్టాలి. బీఎస్-6 బండి అయితే ఇంజిన్ ఆపాక నాలుగయిదు నిమిషాలు ఆగి విప్పమనండి. సైలెన్సర్ పొగను శుభ్రం చేసే డీఈఎఫ్ ద్రవాన్ని (డ్రైవర్లు దాన్ని యూరియా అంటారు) దాని పంపు ఆ వ్యవధిలో గొట్టాల నుంచి ట్యాంకులోకి వెనక్కి లాగుతుంది. ఆ ద్రవం మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది, గొట్టాల్లో మిగిలితే పగిలిపోతాయి.

ఒక హెచ్చరిక. ఛార్జ్ అయిపోయిన బ్యాటరీ సుమారు మైనస్ 10కే గడ్డకడుతుంది. నిండా ఛార్జ్ ఉన్నది మైనస్ 50కి కూడా కట్టదు. పక్కలు ఉబ్బినా, లోపల మంచు కనిపించినా దానికి వేరే బండి నుంచి జంపర్ వైర్లు తగిలించకూడదు, ఛార్జింగ్ పెట్టకూడదు, పేలుతుంది. మంచి బ్యాటరీకి జంపర్ వేసేటప్పుడు కూడా రెండు బండ్లూ 24 ఓల్టులవేనా అని చూసుకోవాలి.

ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉంటే అది మన జాతీయ రహదారికి సరిపోతుంది, ద్రాస్‌కు కాదు. 15డబ్ల్యూ రకాన్ని మైనస్ 20 దగ్గర, 10డబ్ల్యూ రకాన్ని మైనస్ 25 దగ్గర, 5డబ్ల్యూ రకాన్ని మైనస్ 30 దగ్గర ఇంజిన్‌ను ఎంత తేలికగా తిరగనిస్తుందో పరీక్షిస్తారు. కంపెనీ పుస్తకంలో అనుమతించిన వాటిలో పలచటిది, అంటే డబ్ల్యూ ముందు అంకె తక్కువున్నది, వేయమని సూపర్‌వైజరును అడగమనండి. కూలెంట్ సగం, నీళ్లు సగం ఉంటే మైనస్ 35 దాకా భయం లేదు. ఉత్త నీళ్లు ఉంటే ఇంజిన్ పగిలిపోతుంది, దాన్ని వెంటనే చూడాలి.

సాయంత్రం బండి ఆపే చోటు కూడా ముఖ్యమే. గాలి ముక్కు మీద కొట్టకుండా గోడకో మట్టిదిబ్బకో ఆనించి నిలపాలి. ఇంజిన్ వేడిగా ఉండగానే బానెట్ మీద, రేడియేటర్ ముందు దుప్పటి, దాని పైన టార్పాలిన్ కప్పాలి. ఉదయం స్టార్ట్ చేసే ముందు దుప్పటి తీయడం మరవకూడదు, ఫ్యాన్‌లో చిక్కుకుంటుంది. ట్యాంకు నింపి ఉంచితే లోపల తేమ పట్టదు. ఫిల్టర్ కింద చేరిన నీళ్లు, బ్రేకులకు గాలి అందించే ఎయిర్ ట్యాంకుల్లో నీళ్లు సాయంత్రమే వదిలేయాలి. బ్రేకు డ్రమ్ములు తడిసి ఉంటే హ్యాండ్ బ్రేక్ వేస్తే లైనర్లు డ్రమ్ముకు అతుక్కుపోతాయి. చదునైన చోట గేరులో పెట్టి, చక్రాలకు రెండు వైపులా అడ్డురాళ్లు వేయడం మేలు. చలి మరీ ముదిరిన రాత్రుల్లో మేం వంతులు వేసుకుని రెండు మూడు గంటలకొకసారి ఇంజిన్ నడిపేవాళ్లం. డీజిల్ ఖర్చే, కానీ ఉదయం ఎమర్జెన్సీ అయితే బండి కదలాలి.

ఉదయం న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ పూర్తిగా తొక్కాలి. లేకపోతే గేరుబాక్సులో గడ్డకట్టిన నూనెను కూడా సెల్ఫే తిప్పాలి. హీటర్ గుర్తు ఉన్న బండి అయితే తాళం తిప్పి ఆ దీపం ఆరేదాకా ఆగి, ఆపి, మళ్లీ ఒకసారి అలాగే చేయాలి. అప్పుడు సెల్ఫ్ పది, పదిహేను సెకన్లకు మించకుండా కొట్టి, రెండు నిమిషాలు ఆగాలి. తెల్లపొగ వస్తుంటే ఆశ ఉన్నట్టే, ఆ పద్ధతిలోనే మరో రెండుసార్లు ప్రయత్నించవచ్చు. అందుకున్నాక యాక్సిలరేటర్ తొక్కి అరిపించకూడదు. ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బో దాకా నూనె చేరడానికి సమయం కావాలి. అయిదు నిమిషాలు ఉత్తగా నడవనిచ్చి, తరువాత చిన్న గేరులో నెమ్మదిగా కదలాలి. ఈథర్ స్ప్రే డబ్బా ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు. గాలి వేడిచేసే హీటర్ ఉన్న ఇంజిన్‌లో అది కొడితే లోపలే పేలుతుంది.

మంట సంగతి ఎందుకు అంత గట్టిగా చెప్పానంటే, మా క్యాంపు పక్కన ఆగిన ఒక ప్రైవేటు లారీ క్లీనరు డీజిల్‌లో ముంచిన గుడ్డలు ఇంజిన్ ఛాంబర్ (అడుగున నూనె నిలిచే తొట్టె) కింద వెలిగించాడు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు. ఇంజిన్ అందుకుంది, అందరూ చప్పట్లు కొట్టారు. పది నిమిషాలైనా బ్రేకుకు గాలి ఎక్కలేదు. వంగి చూస్తే నైలాన్ ఎయిర్ పైపు కరిగి తాడులా వేలాడుతోంది, వైర్ల మీది తొడుగు ఊడిపోయింది. మూడు రోజులు బండి అక్కడే ఉంది. ఛాంబర్‌కు నూనె కారి ఉన్న బండి అయితే ఆ పిల్లవాడు కూడా మిగిలేవాడు కాదు. తప్పనిసరి అయితే మంట లేని నిప్పులు, ఇనుప తట్టలో, వైర్లకూ పైపులకూ దూరంగా, మనిషి పక్కనే ఉండి, మంట ఆర్పే సిలిండర్ చేతిలో పెట్టుకుని మాత్రమే. అది కూడా నేను మీ తమ్ముడికి చెప్పను.

ఇంకొకటి, బండి కంటే ముఖ్యమైనది. క్యాబిన్‌లో కుంపటి పెట్టుకుని తలుపులు మూసి పడుకోవద్దని చెప్పండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మంచు సైలెన్సర్‌ను కప్పేసినప్పుడు ఇంజిన్ నడుపుతూ లోపల పడుకున్నా అంతే. మీ తమ్ముడు చలికి ఓర్చుకోలేక ఇదే చేస్తాడని నాకు భయం, నేను ఇద్దరిని అలా బయటికి మోశాను.

రేపు ఉదయం సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ బరువుగా తిరుగుతోందా, పొగ ఏ రంగులో వస్తోంది, ట్యాంకులో ఏ డీజిల్ ఉంది, బండి ఏ సంవత్సరానిది అన్న నాలుగూ అడిగి ఇక్కడే రాయండి. ఆ చప్పుడును ఫోనులో రికార్డు చేసి పంపితే ఇంకా మంచిది. రాత్రి ఎంత పొద్దుపోయినా చూసి జవాబు రాస్తాను.