డ్రా అయిందా, చేశాడా, చేసుకున్నారా?

సందేహం: పిల్లలకు చెస్ నేర్పుతాను. మా టోర్నమెంటు చివరి రౌండు గురించి ‘ఇద్దరు సమఉజ్జీల ఆట సమమైంది’ అని రాశాను. ఒక పెద్దాయన ‘బరాబర్ అయింది అని రాయరాదా?’ అన్నారు. పిల్లలేమో డ్రా అంటారు. ఏది సరైనది?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: డ్రా అనే రాయండి. ‘సమం’తో ఇక్కడ చిక్కుంది. 2024లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ టైటిల్ పోరులో మొదటి ఆట డింగ్ లిరెన్ గెలిచాడు, రెండోది డ్రా, మూడోది గుకేశ్ గెలిచి స్కోరు సమం చేశాడు. సమం చేయడానికి గెలవాల్సి వచ్చింది కదా! డ్రా అయిన ఆటకూ అదే మాట వాడితే చదివేవాళ్లు తికమక పడతారు. ‘బరాబర్’ నాకూ ఇష్టమైన మాటే. కానీ మన దగ్గర ‘బరాబర్ గెలుస్తడు’ అంటే తప్పకుండా గెలుస్తాడని.

డ్రా ఎప్పుడో తెలుగు మాటైపోయింది. దాని పక్కన ఏ క్రియ చేరుతుందన్నదే అసలు సంగతి. ఒకసారి టోర్నమెంటు హాలు బయట నిలబడి ఉన్నాను. ఒక పాప తలుపు దాటుతూనే ‘నాన్నా, డ్రా చేసిన!’ అని ఎగిరి గంతేసింది. ఏనుగు పోగొట్టుకుని కూడా ఓడకుండా నిలబడిందట. వెనకే వచ్చిన పిల్లవాడు నేల చూపులు చూస్తూ ‘డ్రా అయింది’ అన్నాడు. అదే ఆట, చెరో అర పాయింటే. చేసిన, అయింది అన్న రెండు మాటల్లో ఎవరి ఆట ఎలా సాగిందో తెలిసిపోయింది. ఇద్దరూ ఒప్పుకుని చేతులు కలిపితే ‘డ్రా చేసుకున్నారు’. మాట్లాడుకున్నారు, పంచుకున్నారు అన్నప్పటి ‘కొను’ ఇదే. బల్ల మీద రెండు వైపులా రాజులే మిగిలితే మాత్రం ఎవరి ఒప్పుదలతోనూ పని లేదు, డ్రా ‘అవుతుంది’.

ఇక ఉజ్జీ. ఉద్ది, ఉజ్జి అంటేనే జత, సాటి. ముందు ‘సమ’ లేకున్నా అర్థం పూర్తే, ఉన్నా వాడుకలో స్థిరపడింది కాబట్టి తప్పనను. 2018లో లండన్‌లో ప్రపంచ టైటిల్ కోసం తలపడిన కార్ల్‌సన్, కరువానా రేటింగులు (ఆటగాళ్ల బలాన్ని చెప్పే అంకెలు) 2835, 2832. మామూలు సమయపు ఆటలు పన్నెండుకు పన్నెండూ డ్రా అయ్యాయి. ఉజ్జీలంటే వాళ్లు!

మీ చివరి రౌండులో ఏం జరిగిందో చూసింది మీరు. చేతులు కలిపి ఒప్పుకుని ఉంటే ‘ఉజ్జీలిద్దరూ డ్రా చేసుకున్నారు’ అని దిద్దండి.