ఇసుకకు బదులు ప్లాస్టిక్ పొడి: స్లాబులో వేయవచ్చా?

ప్రశ్న: ఉప్పల్ దగ్గర రెండంతస్తుల ఇల్లు కట్టిస్తున్నాము. పాత నీళ్ల సీసాలను పొడి చేసి, స్లాబు కాంక్రీటులో ఇసుకకు బదులు పదోవంతు కలిపితే ఖర్చూ చెత్తా రెండూ తగ్గుతాయని మా కాంట్రాక్టరు అంటున్నారు. ఒప్పుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: స్లాబు, పిల్లర్లు, బీములు, పునాది – వీటిలో వేటికీ ఒప్పుకోకండి.

మీ కాంట్రాక్టరు చెప్పినది పూర్తిగా ఊహ కాదు. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయం, గోవా ఇంజినీరింగ్ కళాశాల పరిశోధకులు కలిసి ఇసుకలో 10 శాతాన్ని ప్లాస్టిక్‌తో మార్చి చూశారు; పెట్ (నీళ్ల సీసాలు చేసే ప్లాస్టిక్) సీసాలను ఇసుక రేణువుల పరిమాణాలకు సరిపోయేలా నూరి, జల్లించి వాడినప్పుడు మిగతా ప్లాస్టిక్ రకాల కంటే ఫలితం మెరుగ్గా వచ్చింది. అయితే అది ప్రయోగశాలలో కొలిచి చేసిన పని. మన సైటు దగ్గరకు బస్తాల్లో వచ్చే పొడిలో మూతలు, లేబుళ్లు, జిగురు, నూనె మరకలు ఏమేమి కలిశాయో ఎవరు చూస్తారు?

అసలు చిక్కు అతుకు దగ్గర ఉంది. ఇసుక రేణువు గరుకుగా ఉండి సిమెంటు ముద్దను పట్టుకుంటుంది. ప్లాస్టిక్ నునుపుగా ఉంటుంది, నీటిని దగ్గరకు రానివ్వదు, పైగా బరువు పడితే ఇసుక కంటే ఎక్కువగా వంగుతుంది. అందుకే దాని వాటా పెరిగేకొద్దీ కాంక్రీటు బలం తగ్గుతుంది. కొలతలోనూ పొరపాటుకు ఆస్కారముంది: నీటితో పోలిస్తే ఇసుక సాంద్రత సుమారు 2.65 రెట్లు, పెట్ ప్లాస్టిక్‌ది సుమారు 1.38 రెట్లు కనుక, 10 కిలోల ఇసుక తీసి 10 కిలోల ప్లాస్టిక్ వేస్తే అది దాదాపు రెండింతల చోటు ఆక్రమిస్తుంది. అగ్నిప్రమాదంలో పెట్ సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుందన్నది నన్ను ఇంకా ఎక్కువగా భయపెట్టే విషయం.

చెత్త తగ్గాలన్న మీ ఆరాటం నాకెంతో విలువైనదిగా తోస్తోంది. కానీ శుభ్రమైన సీసా మళ్లీ దారంగానో సీసాగానో మారగలదు. కాంక్రీటులో కలిసిన ప్లాస్టిక్‌ను తిరిగి వేరు చేయడం చాలా కష్టం, అరిగే నేల మీద వాడితే సన్నని తునకలుగా మట్టిలోకీ నీటిలోకీ చేరుతుంది.

ఇసుక భారం తగ్గించుకోవడానికి రోబో శాండ్, అంటే రాయి నూరి చేసిన ఇసుక, ఉంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 383 దాన్ని అంగీకరిస్తుంది. అందులో దుమ్ము వాటా మితిమీరకుండా పరీక్ష నివేదిక అడగండి. కాంపౌండు లోపలి బాటకు, జీడిమెట్ల, ఫతుల్లగూడ కేంద్రాల్లో కూల్చివేత వ్యర్థాల నుంచి తయారయ్యే సామగ్రిని విచారించండి. స్లాబు పోసే రోజు అదే కాంక్రీటుతో క్యూబులు (పరీక్షకు పోసే చిన్న దిమ్మెలు) తీయించి, 7వ రోజు, 28వ రోజు బలం పరీక్ష చేయించే షరతును మాత్రం ఒప్పంద పత్రంలో ఇప్పుడే రాయించుకోండి.