కైరోప్రాక్టిక్ సర్టిఫికెట్‌కు రెండు లక్షలు కట్టాలా?

ప్రశ్న: మాది గాజువాక. మా ఆయన స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తారు. చాలాకాలంగా నడుం నొప్పితో బాధపడి, ఈమధ్య కైరోప్రాక్టిక్ చేయించుకున్నాక కాస్త తేలికపడ్డారు. అది చూసి మా అమ్మాయి తానూ అదే నేర్చుకుంటానంటోంది. ఇంటర్ బైపీసీ రెండో ఏడాది చదువుతోంది. ఆరు నెలల్లో సర్టిఫికెట్ ఇస్తామని ఒక సంస్థవాళ్లు రెండు లక్షలు అడుగుతున్నారు. చేర్పించమంటారా?

జవాబు: వద్దమ్మా. అడ్వాన్సు కూడా కట్టకండి. మీ అమ్మాయి ఇష్టంలో తప్పేమీ లేదు. నాన్న నొప్పి తగ్గడం కళ్లారా చూసి కలిగిన కోరిక అది, దాన్ని చిన్నచూపు చూడొద్దు. దారి మాత్రం ఆ సంస్థ చూపించేది కాదు.

కైరోప్రాక్టిక్ అంటే వెన్నెముకను, కీళ్లను చేత్తో నొక్కి, కదిపి చేసే వైద్య విధానం. 1895లో అమెరికాలో డి.డి. పామర్ దీన్ని మొదలుపెట్టారు. అక్కడ అన్ని రాష్ట్రాల్లోనూ దీనికి లైసెన్సు ఉంది. డిగ్రీలో కొన్నేళ్లు సైన్సు చదివి, ఆపైన సుమారు నాలుగేళ్ల కోర్సు, పరీక్షలు పూర్తిచేస్తేనే ఆ లైసెన్సు వస్తుంది. బ్రిటన్‌లోనైతే 1994లోనే దీనికి చట్టం చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కనీసం 4,200 గంటల శిక్షణ ఉండాలి, అందులో 1,000 గంటలు పర్యవేక్షణలో రోగులను చూడాలి. ఆరు నెలల్లో అదెలా సాధ్యమో మీరే లెక్కేసుకోండి.

మన దేశంలో కైరోప్రాక్టిక్‌కు లైసెన్సు ఇచ్చే చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. రేపు మీ అమ్మాయి ఎంవీపీ కాలనీలో క్లినిక్ పెట్టిందనుకోండి, ఏ అర్హతతో రోగి మెడ పట్టుకుంటున్నావని ఎవరైనా అడిగితే ఆ సర్టిఫికెట్ ఆమెను కాపాడదు. నాకు అసలు భయం అక్కడే. నడుం నొప్పికి వెన్నెముక మానిప్యులేషన్, అంటే చేత్తో ఒక్కసారిగా నొక్కి కదపడం, కొంత ఉపశమనం ఇస్తుందని 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ మార్గదర్శకాల్లోనూ ఉంది. మెడ దగ్గర గట్టిగా తిప్పడం వేరే సంగతి. అరుదుగానే అయినా మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని చీలి పక్షవాతం వచ్చిన కేసులున్నాయి. ఎవరి మీద చెయ్యి వెయ్యకూడదో తెలుసుకోవడానికే ఏళ్లు పడుతుంది. వీడియోల్లో టక్కుమని వినిపించే శబ్దానికి పిల్లలు ముచ్చటపడతారు గానీ, అది కీలులోని ద్రవంలో గాలి బుడగ వల్ల వచ్చేదే, తప్పిన ఎముక సర్దుకున్న చప్పుడు కాదు.

మరి ఏం చదవాలి? బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ (వైద్య అనుబంధ వృత్తుల) చట్టం పరిధిలో ఫిజియోథెరపిస్టులు ఉన్నారు, అంటే చదువుకు చట్టం అండ ఉంది. ఇన్నాళ్లూ నాలుగున్నరేళ్లున్న కోర్సు, కొత్త పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లు అవుతోంది. అనాటమీ, ఫిజియాలజీ, ఎక్స్‌రే చూడటం, కీళ్లను చేత్తో కదిపే మాన్యువల్ థెరపీ, అన్నీ ఇందులో ఉంటాయి. మీ అమ్మాయికి నచ్చిన పని చాలావరకు ఇదే. తర్వాత రెండేళ్ల ఎంపీటీలో (ఫిజియోథెరపీ పీజీలో) ఆర్థోపెడిక్స్ గానీ, స్పోర్ట్స్ గానీ తీసుకోవచ్చు. అప్పటికీ కైరోప్రాక్టిక్ మీదే మనసుంటే విదేశంలో చదవొచ్చు, కానీ ఖర్చు భారీగా ఉంటుంది. తిరిగొచ్చి ఇక్కడే ప్రాక్టీసు పెట్టుకుంటానంటే ఆ డిగ్రీకి చట్టపరమైన గుర్తింపు లేదన్న సంగతి అప్పు చేసేముందే ఆలోచించుకోవాలి.

బీపీటీ ప్రవేశాల నిబంధనలు మారుతున్నాయి కాబట్టి నీట్‌కు దరఖాస్తు తప్పకుండా చేయించండి. డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చూస్తూ ఉండండి.

ఇంకో మాట. పరీక్షలయ్యాక తెలిసినవాళ్ల ద్వారా ఏదైనా ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో కొన్నాళ్లు కూర్చోబెట్టండి. షుగర్ ఉన్న పెద్దాయన భుజం పట్టేసి జుట్టు దువ్వుకోలేక వస్తారు. గోనియోమీటర్‌తో చెయ్యి ఎన్ని డిగ్రీలు లేస్తోందో కొలిచి రాస్తారు, గోడ మీద వేళ్లు పాకించమంటారు, మరో పది డిగ్రీలు పెరగడానికి వారాలు పడుతుంది. ఆ ఓపిక తనకుందో లేదో మీ అమ్మాయికే తెలిసిపోతుంది. ఉంటే ఈ వృత్తి ఆమెదే.

మీవారి విషయం కూడా అశ్రద్ధ చేయకండి. కాలు బలహీనపడినా, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా ఎవరిచేతా నడుం నొక్కించకుండా వెంటనే విశాఖ కేజీహెచ్ (ప్రభుత్వ ఆసుపత్రి) క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.