నలుగురు కుర్రాళ్లు, ఒక అద్దెకారు

నాయనా,

నీ స్క్రిప్టు రెండు రాత్రులు కూర్చుని చదివాను. అనంతపురం ఇంజనీరింగు కుర్రాళ్లు నలుగురు, అద్దెకారు, ఢిల్లీ ప్రయాణం, దారి పొడవునా బూతు. బూతంటే నాకు పట్టింపు లేదు. మనకది కొత్తా? చిలుక చెప్పే శుకసప్తతి కథలు ఇప్పటికీ పెద్దవాళ్ల ముందు పైకి చదవలేం. కానీ ఆ చిలుక ఊరికే కథలు చెప్పదు. ప్రియుడి కోసం బయల్దేరిన ఇల్లాలిని గడప దాటనివ్వకూడదు, అందుకు చెబుతుంది. నీ కుర్రాళ్లను ఆపేవాళ్లూ లేరు, తరిమేవాళ్లూ లేరు.

నీ మనసులో ఉన్న అమెరికన్ సినిమా ఏదో మొదటి పేజీలోనే పట్టేశాను. 2000లో వచ్చిన ‘రోడ్ ట్రిప్’. అందులో వాళ్లు ఇథాకా నుంచి ఆస్టిన్ దాకా పడుతూ లేస్తూ పోయారంటే, చూడకూడని వీడియో టేపు పొరపాటున ప్రియురాలికి పోస్టులో వెళ్లిపోయింది కాబట్టి. పోస్టు చేరడానికి రోజులు పడుతుంది. ఆ రోజులే సినిమా. నీ కథలో వీడియో ఫోనులో వెళ్లింది. వేలు తీసేలోపే చేరిపోయింది, ఇక కారెక్కి ఏం లాభం? పైగా అనంతపురం నుంచి ఢిల్లీకి నేరుగా రైలుంది. చేత్తో ముట్టుకునే వస్తువేదైనా వెతుకు. వేరుశనగ ఉండల డబ్బా అడుగున పరిచిన కాగితం ఉందనుకో, అది మనవడు స్నేహితుడికి రాసిన పచ్చి ఉత్తరమని పార్సిలు కట్టిన అవ్వకు తెలియదు. (ఇది వాడుకోకు. నీది నువ్వే వెతుక్కో.)

గుత్తి సన్నివేశం మాత్రం తిరగేసి మళ్లీ చదివాను. టీకొట్టు ముందు ఉగ్గాణి, బజ్జీ తింటూ అందరిలోకీ పెద్ద నోరున్నవాడు హాస్టల్ ప్రతాపాలు చెబుతుంటాడు. ఫోను మోగుతుంది. ‘‘తిన్నానమ్మా... లేదమ్మా, లైబ్రరీలో ఉన్నాను.’’ గొంతుకు పదేళ్లు తగ్గిపోతాయి. వెనక నుంచి కొట్టువాడు ‘‘ఇంకో ప్లేటు బజ్జీ ఎవరికి?’’ అని కేకేస్తాడు. అక్కడ పగలబడి నవ్వాను. అంతకుముందు వాడు పేజీన్నర వాగితే ఒక్కసారీ నవ్వు రాలేదు.

నేనూ ఈ దెబ్బ తిన్నవాణ్నే. నా తొలి సినిమాలో ద్వంద్వార్థాలు కుప్పపోశాను. కడపలో జనం మధ్య కూర్చుని చూశాను. వాటికి ముందు వరసల్లో ఈలలు పడ్డాయి, నిజమే. హాలంతా ఊగిపోయింది మాత్రం తండ్రి అడుగుల చప్పుడు విని హీరో బీరువాలో దూరినప్పుడు, లుంగీ కొస తలుపు సందులోంచి బయటికి వేలాడినప్పుడు. ఆ లుంగీ కొస నేను రాసింది కాదు. షూటింగులో అలా ఇరుక్కుపోయింది.

మరొకటి. 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు, హైదరాబాదు, ఆదిలాబాదు దాటాక నాగపూర్ వస్తుంది. అక్కడ నీవాళ్ల చతుర్లు ఎవరికి అర్థమవుతాయి? తెలుగులో పులులైనవాళ్లు లాడ్జిలో దుప్పటి అడగడానికి మాటలు వెతుక్కోవాలి. ఎంత నవ్వుంది అందులో! నువ్వేమో ఝాన్సీ దాకా ఎదురైన ప్రతివాడి చేతా తెలుగే మాట్లాడించావు.

సెన్సారు గురించి అడిగావు. 2024 నుంచి యూఏలో 7, 13, 16 ఏళ్లని మూడు మెట్లు పెట్టారు. ఆ గొడవ రాయడం అయ్యాక చూసుకుందాం.

తిరగరాసింది ఫోనులో పంపకు, నా కళ్లు పట్టడం లేదు. అచ్చు తీసి కర్నూలు వచ్చేవాళ్ల చేతికివ్వు. కవరు గట్టిగా అంటించు. మా ఇంటికొచ్చే కవర్లు ముందు తెరిచేది మా ఆవిడ.