చిన్న పిల్లలకు అప్పు గురించి ఎలా చెప్పాలి?

ఐదారేళ్ల పిల్లలకు అప్పు గురించి చెప్పొచ్చా అంటే, తప్పకుండా చెప్పొచ్చు. ఆ వయసులో డబ్బు ఊసు అక్కర్లేదు. స్నేహితుడి దగ్గర తెచ్చుకున్న రంగు పెన్సిల్ చాలు. అది మనది కాదు, చెప్పిన రోజుకి ఇచ్చేయాలి, పోగొడితే బదులివ్వాలి. అప్పు పాఠంలో సగం ఇదే.

పాకెట్ మనీ మొదలయ్యాక వడ్డీ దాకా వెళ్లొచ్చు. వారానికి 5 నాణేలు ఇస్తున్నారనుకోండి. 10 నాణేల బొమ్మ ఇప్పుడే కావాలని మారాం చేస్తే, అప్పుగా ఇచ్చి, ఆ లెక్క కాగితం మీద రాసి గోడకు అంటించండి. వారం వారం 5 నాణేలూ చేతికిచ్చి, అందులోంచి 2 వాళ్లతోనే తిరిగి ఇప్పించండి. మీరే ముందుగా కోసుకుని 3 ఇస్తే వాళ్లకేమీ తెలియదు. ఐదు వారాలకు అసలు తీరుతుంది, ఆరో వారం 2 వడ్డీ. (లెక్క కళ్లకు కట్టాలని వడ్డీ కాస్త ఎక్కువే వేశాను.) అప్పటికి బొమ్మ మీద మోజు పోయి ఉంటుంది, కట్టడం మాత్రం తప్పదు. రెండు వారాలు ఆగితే 10కే వచ్చేదని అప్పుడు లెక్కేసి చూపించండి. మధ్యలో జాలిపడి మాఫీ చేయొద్దు.

క్రెడిట్ కార్డు గీసేటప్పుడు కూడా "ఇది బ్యాంకు డబ్బు, తర్వాత మనం కట్టాలి" అని చెప్పండి. అప్పంటే సిగ్గుపడాల్సిన విషయమని మాత్రం భయపెట్టకండి. "మనకూ అప్పుందా?" అని అడిగితే, "ఉంది, నెలనెలా కడుతున్నాం" అని ఉన్నమాట చెప్పండి.