కొడుక్కి 18 నిండాయి, ఇక మనోవర్తి రాదా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకటే గొడవ. పిల్లాడు ఇంటర్ గట్టెక్కి బీటెక్‌లోనో డిగ్రీలోనో చేరతాడు, సరిగ్గా అప్పుడే పద్దెనిమిది నిండుతాయి, విడిగా ఉంటున్న తండ్రి నుంచి కోర్టు ఇప్పించే మనోవర్తి డబ్బు ఆగిపోతుంది. అసలు ఖర్చు మొదలయ్యేదే అప్పుడు కదా అని అందరి ప్రశ్న. అందుకే మిగతావి పక్కనపెట్టి ఇవే తీసుకున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ప్రశ్న: మేడమ్ గారూ, 2019లో ఫ్యామిలీ కోర్టు నాకు నెలకి 6,000, బాబుకి 4,000, పాపకి 4,000 మనోవర్తి ఇవ్వమని ఆర్డరు వేసింది. మా ఆయన ఏనాడూ టైముకి ఇవ్వలేదు, అయినా ఎలాగోలా ఇస్తూ వచ్చారు. మొన్న బాబుకి 18 నిండాయి. మర్నాడే "వాడు మేజరు, నా బాధ్యత తీరిపోయింది" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి మొత్తం ఆపేశారు. పాపకి పదహారే. బాబు బీటెక్ మొదటి సంవత్సరం. అంతకుముందువే పధ్నాలుగు నెలల బకాయిలు ఉన్నాయి. బాబు చదువు అయ్యేదాకా వాళ్ల నాన్న ఇవ్వక్కర్లేదా?

జవాబు: ముందు ఆర్డరు కాపీ తీసి చివరి పేజీ చూడండి. 14,000 అని ఒకే అంకె ఉండదు, ముగ్గురికీ మూడు మొత్తాలు విడివిడిగా ఉంటాయి. పిల్లల పేర్ల దగ్గర చాలా ఆర్డర్లలో "మైనారిటీ తీరే వరకు" అని కూడా రాసి ఉంటుంది. అంటే బాబుకి 18 నిండితే ఆగేది బాబు 4,000 మాత్రమే. మీ 6,000కీ ఆ పుట్టినరోజుకీ సంబంధం లేదు, పాప 4,000 పాపకి 18 వచ్చేదాకా నడవాల్సిందే. ఆయన నెలనెలా ఇంకా 10,000 బాకీ పడుతూనే ఉన్నారు. ఒకరి వయసు చూపించి ముగ్గురి డబ్బూ ఆపేయడం నేను తరచూ చూసేదే, సగంమంది ఆడవాళ్లు అది నిజమేననుకుని ఊరుకుంటారు కూడా.

రెండోది బకాయిలు, ఇది వెంటనే చూసుకోవాల్సిన పని. డబ్బు కట్టాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు కోర్టులో దరఖాస్తు పెడితేనే ఆ నెల బకాయి వసూలుకి వారెంటు ఇస్తారు. ఏ నెలకి ఆ నెలే లెక్క. పధ్నాలుగు నెలలంటున్నారు కాబట్టి పాతవి కొన్ని ఈ దారిలో ఇప్పటికే చెయ్యిజారి ఉంటాయి, ఇంకో నెల ఆలోచిస్తే ఇంకో నెల డబ్బు పోతుంది. బాబు మైనరుగా ఉన్నప్పటి బకాయి బాబు మేజరైనంత మాత్రాన మాఫీ కాదు, గడువులో ఉన్నంత వరకు అదీ అడగండి. కారణం లేకుండా ఎగ్గొడితే ఒక్కో నెల బకాయికి నెల దాకా జైలు వేసే అధికారం కోర్టుకి ఉంది. జైలుకి వెళ్లొచ్చాక కూడా బాకీ బాకీగానే ఉంటుంది, ఆ సంగతి ఆయన వకీలు ఆయనకి చెప్పారో లేదో మరి.

ఇక అసలు ప్రశ్న. మీ ఆర్డరు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 సెక్షన్ కిందిది. 2024 జులై 1 నుంచి దాని చోట భారతీయ నాగరిక సురక్షా సంహిత 144 సెక్షన్ వచ్చింది, పాత ఆర్డర్లు చెల్లుతాయి, టెన్షన్ అక్కర్లేదు. నంబరు మారిందిగానీ పిల్లల విషయంలో మాట మారలేదు. వైకల్యం ఉన్నవాళ్లని మినహాయిస్తే మైనరు పిల్లలకే మనోవర్తి. హిందూ దత్తత, మనోవర్తి చట్టంలోనూ కొడుకు మైనరుగా ఉన్నంత వరకే అడగగలడు. కాబట్టి బాబు పేరు మీద మనోవర్తి అడిగితే చట్టం నేరుగా లేదనే అంటుంది. ఆ పద్దెనిమిది లెక్క 1875 నాటి మెజారిటీ చట్టం నుంచి వస్తోంది. నాలుగేళ్ల బీటెక్ చదివే పిల్లాడు పద్దెనిమిదేళ్లకి ఏం సంపాదిస్తాడో ఆ చట్టానికి పట్టదు. నన్నడిగితే ఇది మార్చాల్సిన రూలు, కానీ నా అభిప్రాయంతో మీకు ఫీజు కట్టరుగా.

ఉన్న దారి ఏమిటంటే, డబ్బు బాబు పేరున కాకుండా మీ పేరున అడగడం. కొడుకు మేజరైనా వాడి తిండీ చదువూ తల్లి నెత్తిమీదే పడుతున్నాయి కదా అని 2021లో ఢిల్లీ హైకోర్టు, కొడుకు డిగ్రీ పూర్తయ్యేదాకా లేదా సంపాదన మొదలయ్యేదాకా తల్లికి నెలకి 15,000 మధ్యంతర భరణం, అంటే కేసు తేలేలోపు ఇచ్చే మనోవర్తి, ఇప్పించింది. మన కోర్టులు దాన్ని పాటించి తీరాలని లేదు, చూపించి వాదించవచ్చు. పరిస్థితులు మారాయి, 2019 నాటి 6,000 చాలదు అంటూ కొత్త సంహిత 146 సెక్షన్ కింద మీ వాటా పెంచమని పిటిషన్ వేయండి, బాబు కాలేజీ ఫీజు రశీదులు, హాస్టల్ బిల్లులు, బస్సు పాసుతో సహా జత చేయండి. వస్తుందని హామీ ఇవ్వలేను, అడక్కపోతే మాత్రం రాదు.

ప్రశ్న: నాకు 18 దాటాయి, డిగ్రీ మొదటి సంవత్సరం. అమ్మ ద్వారా వచ్చే నా మనోవర్తి ఆగిపోయింది. అన్నయ్యకి ఆగినట్టే నాకూ అంతేనా?

జవాబు: కాదు. ఇక్కడ అమ్మాయికి, అబ్బాయికి చట్టం ఒకటి కాదు. హిందూ దత్తత, మనోవర్తి చట్టం, 1956లోని 20వ సెక్షన్ ప్రకారం పెళ్లికాని కూతురు తన సంపాదనతోగానీ ఆస్తితోగానీ బతకలేకపోతే మేజరయ్యాక కూడా ఆమెను పోషించాలి. ఆ పోషణలో చదువు ఖర్చు కూడా కలిసే ఉంటుందని అదే చట్టం చెబుతోంది. 2020 సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల బెంచి దీన్ని విడమరిచి చెప్పింది. 125 కింద మేజరైన కూతురు అడగలేదు, 20వ సెక్షన్ కింద అడగవచ్చు అని. చాలామంది పాత కేసు నంబరు మీదే మళ్లీ పిటిషన్ పెట్టి, కొట్టేశాక నా దగ్గరికి వస్తారు. మీరు ఆ పని చేయకండి. ఇప్పుడు మీరు మేజరు కాబట్టి పిటిషన్ మీ పేరునే, సంతకం మీదే, అమ్మది కాదు.

వకీలు ఫీజు గురించి ఆగకండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. కేసు తేలేలోపు మధ్యంతర భరణం అడగడం మర్చిపోవద్దు.

ప్రశ్న: నేను తండ్రిని. 20 ఏళ్ల కూతురు నాతో మాట్లాడదు, ఫోనెత్తదు. ఫీజు మాత్రం నేనే కట్టాలట. వాళ్లమ్మ కూడా ఉద్యోగం చేస్తోంది. ఫీజు నేరుగా కాలేజీకే కడితే సరిపోదా?

జవాబు: మీ కోపం అర్థమవుతోంది, కానీ మూడు ప్రశ్నలు కలిపేశారు. తల్లి సంపాదిస్తుంటే ఆమెకీ బాధ్యత ఉంది. పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రి భరించాలి, తల్లికి తగినంత ఆదాయం ఉంటే దామాషాలో పంచవచ్చు అని 2020 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని కూడా అదే తీర్పు.

కాలేజీకే కట్టడంలో తప్పులేదు, రశీదు మీ దగ్గర ఉంటుంది, డబ్బు ఎటు పోయిందన్న అనుమానమూ ఉండదు. కానీ ఫీజు కట్టాను కదా అని కోర్టు వేసిన నెలవారీ మొత్తంలో మీ అంతట మీరు కోసుకోకండి, ముందు కోర్టుని అడగండి. ఫీజు కట్టినంత మాత్రాన పిల్ల కడుపు నిండదు.

మాట్లాడకపోవడం సంగతి కాస్త చిక్కుది. తండ్రితో ఏ సంబంధమూ వద్దనుకునే ఇరవై ఏళ్ల కూతురు చదువుకీ పెళ్లికీ ఆయన దగ్గర డబ్బు ఆశించలేదని 2022 మార్చిలో సుప్రీంకోర్టు అంది. ఆ ఒక్క ముక్కే అందరికీ వాట్సాప్‌లో వచ్చింది. అదే తీర్పులో కూతురికి ఆసరాగా ఉండటానికి కూడా సరిపోవాలని తల్లి భరణాన్ని 10 లక్షలుగా ఖాయం చేశారన్నది ఎవరూ పంపరు. 2025 జనవరిలో అదే కోర్టు, తల్లిదండ్రుల నుంచి చదువు ఖర్చు పొందడం కూతురి హక్కు అని గట్టిగా చెప్పింది. ఫోనెత్తడంలేదన్న ఒక్క ధీమాతో డబ్బు ఆపేస్తే కోర్టులో నిలబడతారని నేను అనుకోను.

ప్రశ్న: ఇద్దరం ఒప్పుకుని విడాకులు తీసుకుంటున్నాం. బాబుకి పదిహేను. ఆయన "చదువు నేను చూసుకుంటాలే" అంటున్నారు. చాలా?

జవాబు: చాలదు. మాట ఇవ్వడం తేలిక, నాలుగేళ్లు ఫీజు కట్టడం కష్టం. బాబుకి పద్దెనిమిది వచ్చాక మీ చేతిలో ఉండేది ఇప్పుడు రాసుకున్న కాగితమే. అందులో ఇలా ఉండాలి: "ఇంటర్ తర్వాత మొదటి డిగ్రీ పూర్తయ్యే వరకు, లేదా 23 ఏళ్లు నిండే వరకు, ఏది ముందైతే అప్పటిదాకా, కాలేజీ ఫీజు, పరీక్ష ఫీజు, హాస్టల్ ఖర్చు తండ్రి భరించాలి, నెల ఖర్చుకి ఇంత, ప్రతి నెల 5వ తేదీలోపు బాబు ఖాతాలో." ఏడాదికి ఎంత పెంచాలో కూడా రాయండి. ఒక సబ్జెక్టు తప్పి ఏడాది పోతే ఎవరు కట్టాలన్నది ఇప్పుడు మాట్లాడుకోవడం ఇబ్బందిగా ఉంటుంది, అప్పుడు మాట్లాడుకోవడం అంతకన్నా ఇబ్బంది. ఈ షరతులు విడాకుల డిక్రీలోకి ఎక్కేలా చూడండి, లేదా లోక్ అదాలత్‌లో రాజీగా నమోదు చేయించండి. లోక్ అదాలత్ అవార్డుకి సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత బలం ఉంది.

ప్రశ్న: మా అబ్బాయికి మానసిక ఎదుగుదల లేదు. వచ్చే నెల 18 నిండుతాయి. మాకూ ఆగిపోతుందా?

జవాబు: లేదమ్మా. శారీరక, మానసిక లోపం వల్ల తనను తాను పోషించుకోలేని బిడ్డకి పైన చెప్పిన కొత్త సంహిత 144 సెక్షన్‌లో వయసు పరిమితి లేదు. వైకల్య ధ్రువపత్రం పాతదైతే ఇప్పుడే రెన్యువల్ చేయించి, ఆర్డరులో "మైనారిటీ తీరే వరకు" అని ఉంటే పుట్టినరోజు రాకముందే కోర్టులో మెమో వేయించండి.