బిడ్డ బండి ఎవరు కొనాలి?

ప్రశ్న: మాది బరంపురం. నాకు ఏడో నెల, మొదటి కాన్పు. పుట్టిల్లు పర్లాకిమిడి. నాన్నగారిది చిన్న కిరాణా కొట్టు, నా పెళ్లికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. బారసాలకు ఊయల తెస్తామని అమ్మ అంటే, మావారు ‘ఊయల ఎందుకు, స్ట్రోలరు తెమ్మని మీ నాన్నకు చెప్పు’ అని 22 వేల రూపాయల బండి ఫోటో నాకు పంపారు. అత్తగారేమో బిడ్డ పుట్టకముందు ఏ వస్తువూ ఇంట్లోకి రాకూడదంటున్నారు. పూర్తిగా పడుకోబెట్టే రకం మంచిదా, మడిచి తీసుకెళ్లే తేలిక రకమా? అత్తగారిని ఎలా ఒప్పించాలి?

జవాబు: అమ్మా, బండి సంగతి చిన్నది, ముందు తేల్చేస్తాను. మెడ నిలిచి, ఆసరా లేకుండా కూర్చునే దాకా, అంటే సుమారు 6 నెలల వరకు, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టే రకమే కావాలి. తేలిక రకాల్లో చాలావాటికి వీపు భాగం అంతగా వాలదు. భుజాలను, నడుమును, కాళ్ల మధ్యను కలిపి పట్టే ఐదు పట్టీల బెల్టు, గట్టి బ్రేకు ఉండాలి. పిడికి కూరగాయల సంచి తగిలిస్తే బండి వెనక్కి తిరగబడవచ్చు. ఎండ తగలకూడదని పైన దుప్పటి కప్పితే లోపల వేడి పెరిగిపోతుంది. అయినా మీరు పురుటికి వెళ్తే మూడో నెలకో ఐదో నెలకో గాని అత్తింటికి రారు. అందాకా ఊయల, అమ్మమ్మ ఒడి చాలు. మీ అత్తగారి మాట మన్నించండి, దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

‘మీ నాన్నకు చెప్పు’ అన్న ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. మీరు దాన్ని మామూలు విషయంలా రాసి అత్తగారి పట్టింపు మీదికి వెళ్లిపోయారు. మనవడికో మనవరాలికో ఊయల తేవడం పుట్టింటివారి ముచ్చట. వాళ్లకు తోచింది, వాళ్ల చేతనైంది తెస్తారు. అల్లుడు వెల చూసి, ఫోటో ఎంచి పంపితే అది అడగడమే అవుతుంది. కూతురి చేత చెప్పిస్తే మీ నాన్నగారు కాదనలేరు. మీకు బాధ కలుగుతుందని మరో అప్పు చేస్తారు. మీవారికి ఆ సంగతి తెలియదని నేను అనుకోను.

తన బిడ్డను తిప్పే బండి తండ్రి తన సంపాదనతో కొనాలి. 22 వేలు లేకపోతే తక్కువ వెలది కొనాలి, అదీ కుదరకపోతే భుజాన ఎత్తుకోవాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఆ ఫోటో పర్లాకిమిడికి పంపకండి. ఈ రాత్రే మీవారితో నెమ్మదిగా ఇలా చెప్పండి: ‘నాన్నగారిని నేను అడగను. మీకు అడగాలని ఉంటే మీరే ఫోను చేసి అడగండి.’ మామగారి గొంతు వింటూ ఆ మాట తన నోటితో అనడం ఆయనకు కష్టమవుతుంది. అలిగితే రెండు రోజులు అలగనివ్వండి. బతిమాలుతూ మీ అమ్మగారి నగలో, మీ గాజులో తాకట్టు పెట్టే ఆలోచన మాత్రం చేయకండి. బండి కొనాలని ఇద్దరికీ ఉంటే, మీరు పుట్టింట్లో ఉండే ఆ నెలల్లో ఆయన జీతంలోంచి కొంత కొంత పక్కన పెట్టమనండి. మీరు తిరిగి వచ్చాక బిడ్డను వెంట తీసుకెళ్లి, మీ వీధిలో నడవగల చక్రాలున్నది చూసి తీసుకోవచ్చు.